రెండు ఆకుపచ్చలు

మీరు హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా పండగ ముందు ఈ తగువు తప్పదు. పడకగదికి చిలకపచ్చా, ముదురాకుపచ్చా? మీకొకటి, మీవారికొకటి. ఆ తగువు తేలేలోగా, ఒకప్పుడు యూరప్‌లో ఇలాగే రెండు పచ్చల మధ్య తేల్చుకోవలసి వచ్చినవాళ్ళ సంగతి వినండి.

మొదటి పచ్చను 1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే తయారుచేశాడు. అందులో పడేవి మనకు తెలియనివి కావు. ఒకటి మైలుతుత్తం, రెండోది పాషాణం. అవును, ఎలుకల్ని చంపే పాషాణమే! చవక రంగు. కానీ కాస్త మందకొడిగా ఉండేది, పోనుపోను నల్లబడేది. 1814లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో రెండోది వచ్చింది. కొత్త చిగురులా మెరిసేది. జనం పాతదాన్ని వదిలి దీని వెంట పడ్డారు. మెరుపు మారింది, పాషాణం మారలేదు.

గోడలకు అతికించే కాగితాలనిండా ఈ పచ్చలే. 1839లోనే గ్మెలిన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, చెమ్మగిల్లిన పచ్చగదుల్లో పడుకోవద్దని పత్రికలో హెచ్చరించాడు. 1862లో లండన్ లైమ్‌హౌస్ పేటలో ఒకే ఇంటి పిల్లలు నలుగురు వరసగా పోయారు. వైద్యుడు పడకగది పచ్చకాగితాన్ని అనుమానించాడు. విచారణలో మాత్రం సహజమరణమని తేల్చారు. ఆ తల్లిదండ్రులకు ఏమనిపించిందో!

విలియం మోరిస్ పేరు వినే ఉంటారు, గోడకాగితాల మీద తీగలూ పువ్వులూ వేయించిన కళాకారుడు. ఆయన కుటుంబానికి పాషాణం తీసే గనిలో వాటాలుండేవి. 1885లో కూడా ఆయన వైద్యుల మాటను వెర్రిభయమని తోసిపుచ్చాడు. 1890లలో ఇటలీ వైద్యుడు గోసియో, బూజుపట్టిన పచ్చకాగితం నుంచి వెల్లుల్లి వాసన గల వాయువు పుడుతుందని చూపాడు. మనుషుల్ని చంపింది ఆ వాయువా, రాలిన పొడా అన్నది ఇంకా తెగని వాదన. బ్రిటన్‌లో చట్టమేమీ రాలేదు. కొనేవాళ్ళు భయపడ్డారు, అమ్మేవాళ్ళు దారికొచ్చారు.

ఇప్పటి డబ్బాల్లో పాషాణం ఉండదు. మీ తగువు మీ ఇష్టం. కానీ తలుపులకు వేసిన పాత పచ్చ ఎనామిలులో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 మించరాదన్న నిబంధన అమలయింది 2017 నవంబరు 1 నుంచే. అందుచేత మేస్త్రీని పాత రంగు పొడిగా గీకనివ్వకండి. తడిపి గీకించి, ఆ రెండ్రోజులూ పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపండి.