పుదుచ్చేరి పోలీసు: ఎర్ర టోపీ, హోదా చిహ్నాలు

పుదుచ్చేరి కానిస్టేబుళ్లు పెట్టుకునే ఎర్ర టోపీని కెపీ అంటారు. పైభాగం చదునుగా, ముందు చిన్న చూరుతో గుండ్రంగా ఉంటుంది. 1830లలో అల్జీరియా దండయాత్రల కాలంలో ఫ్రెంచి సైన్యంలో పుట్టింది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన ఫ్రెంచివారి నుంచి భారత్ చేతికొచ్చింది, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనం పూర్తయింది, టోపీ మాత్రం పోలేదు.

పుదుచ్చేరిలోని ఒర్లియంపేట పోలీసు స్టేషన్‌లో ఎవరు ఎంతటివారో చొక్కా చూస్తే తెలిసిపోతుంది. కానిస్టేబుల్‌కు ఎర్ర టోపీయే గుర్తు. హెడ్ కానిస్టేబుల్‌కు చేతిమీద మూడు పట్టీలు. ఏఎస్సై భుజాన ఒక నక్షత్రం, ఎస్సైకి రెండు, ఇన్‌స్పెక్టర్‌కు మూడు, ఈ ముగ్గురికీ నక్షత్రాల కింద ఎరుపు నీలం రిబ్బను. డీఎస్పీకీ మూడు నక్షత్రాలే, రిబ్బను ఉండదు. కొత్తవారు పొరబడేది ఇక్కడే. పై అధికారులకు ఎర్ర కెపీ ఉండదు, ఖాకీ టోపీ పెట్టుకుంటారు. నెత్తిన టోపీ లేకుంటే చేత్తో సెల్యూట్ చేయరు, అటెన్షన్‌లో నిలబడతారు.

హోదా బట్టలతో ఆగదు. మాదకద్రవ్యాల చట్టం 42వ సెక్షన్ కింద వారెంటు లేకుండా సోదా చేసే అధికారం కానిస్టేబుల్‌కు లేదు, అంతకు పైస్థాయివారికే ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక కేసును డీఎస్పీకి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలని 1995 నియమాలు చెబుతున్నాయి. సెంట్రీ కాపలా, బందోబస్తులో గంటలకొద్దీ నిలబడటం మాత్రం కింది వాళ్ల వంతు.

ఇలాంటి హోదాల తేడా జపాన్ సుమో కుస్తీలో ఇంకా కఠినం. జుర్యో శ్రేణికి ఎక్కేవరకు మల్లయోధుడికి నెలజీతం లేదు, సొంత గది లేదు. అట్టడుగు శ్రేణులవారు చలికాలంలోనూ యుకాతా అనే పల్చటి నూలు అంగీతోనే బయటికి వెళ్లాలి. అక్కడ హోదా ఏటా ఆరుసార్లు మారుతుంది, కిందికి కూడా. 2015లో ఒజెకి (రెండో అత్యున్నత హోదా) అయిన తెరునొఫుజి అనే మల్లయోధుడు గాయాలతో, జబ్బుతో దిగజారి 2019లో కింది నుంచి రెండో శ్రేణిలో మళ్లీ బరిలోకి దిగాడు. 2021లో అత్యున్నత హోదా అయిన యోకోజునా అందుకున్నాడు. మన పోలీసు నక్షత్రం ఒకసారి వస్తే, శాఖాపరమైన శిక్ష పడితే తప్ప పోదు.

తెలుగువారు ఈ టోపీ చూడటానికి పుదుచ్చేరి దాకా వెళ్లనక్కర్లేదు. కాకినాడ పక్కనున్న యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోదే. అక్కడి కానిస్టేబుళ్లదీ ఎర్ర కెపీయే. గౌతమి మీది బాలయోగి వారధి దాటి ఎదుర్లంక చేరితే ఆంధ్రప్రదేశ్ పోలీసు పరిధి, అక్కడ ఈ టోపీ కనిపించదు.