డొమైన్ బ్లాక్‌లిస్టులు: స్పామ్ ఆగాలి, మంచి మెయిల్ పోకూడదు

తెలుగు బడిలో ప్రవేశాల గడువు, సంఘం సర్వసభ్య సమావేశం కబురు, దూరపు బంధువుల శుభలేఖ. ఇలాంటి మెయిల్ ఒక్కటి స్పామ్‌లో పడి ఎవరూ చూడకపోతే కలిగే నష్టం, పది చెత్త మెయిళ్లు లోపలికి వచ్చినదానికన్నా ఎక్కువ. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా సొంత డొమైన్‌తో మెయిల్ నడుపుకునే మన సంఘాలు, బళ్లు, దుకాణాల కోసం ఈ వివరాలు ఇస్తున్నాం.

ఏమిటివి?

మెయిల్ ఏ యంత్రం నుంచి వచ్చిందో చూసేవి ఐపీ జాబితాలు. ఒకే ఐపీ మీద ఎన్నో సైట్లు ఉంటాయి కనుక ఒకరి తప్పుకు పక్కవారూ బలవుతారు. డొమైన్ జాబితాలు పంపినవారి చిరునామాలోని డొమైన్‌ను, ఉత్తరంలోని లింకులను చూస్తాయి. 2004లో మొదలైన ఎస్‌యూఆర్‌బీఎల్, 2010లో వచ్చిన స్పామ్‌హాస్ డీబీఎల్ వీటిలో పేరున్నవి.

ఎలా పనిచేస్తాయి?

మన సర్వర్ ఆ డొమైన్ పేరును జాబితా పేరుతో కలిపి డీఎన్ఎస్‌లో అడుగుతుంది. జాబితాలో లేకపోతే అలాంటి పేరే లేదని జవాబు వస్తుంది. ఉంటే 127తో మొదలయ్యే సంఖ్య వస్తుంది. డీబీఎల్‌లో 127.0.1.2 అంటే స్పామ్ డొమైన్, 127.0.1.4 అంటే ఫిషింగ్.

పొరపాట్లు ఎక్కడ?

1. ఏ జవాబు వచ్చినా స్పామ్ అనుకోవడం. 127.255.255.254 అంటే మనం పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగామని హెచ్చరిక మాత్రమే. దాన్ని స్పామ్‌గా లెక్కిస్తే వచ్చే మెయిల్ అంతా ఆగిపోతుంది. సొంత డీఎన్ఎస్ రిజాల్వర్ పెట్టుకోవాలి. 127.0.1.2 నుంచి 127.0.1.99 వరకు వచ్చిన జవాబులకే తిరస్కరించేలా అమర్చాలి.

2. డీబీఎల్‌ను ఐపీ సంఖ్యతో అడగడం. దానికి వచ్చే 127.0.1.255 తప్పు ప్రశ్నకు జవాబే తప్ప స్పామ్ గుర్తు కాదు.

3. హ్యాక్ అయిన మంచి సైట్లను దొంగలతో కలిపేయడం. వీటికి 127.0.1.102 మొదలుకొని వేరే సంఖ్యలు ఉన్నాయి. ఇవి వస్తే తిరస్కరించకుండా కొన్ని మార్కులు మాత్రం వేయాలి. స్పామ్‌అసాసిన్‌లో మామూలుగా 5 మార్కులు లేదా అంతకు మించి వస్తేనే స్పామ్. ఒక్క జాబితా మాట మీదే తీర్పు ఉండకూడదు.

4. మూతపడిన జాబితాను ఇంకా వాడటం. అలాంటిది ఒక్కోసారి ప్రతి పేరుకూ ‘ఉంది’ అనేస్తుంది. ‘టెస్ట్’ అనే పేరు జాబితాలో ఉండాలి, ‘ఇన్వాలిడ్’ అనే పేరు ఉండకూడదు అన్నది 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5782 నియమం. అప్పుడప్పుడూ రెంటినీ అడిగి చూడాలి.

చేయవలసినవి

తిరస్కరిస్తే కారణం చెప్పి వెనక్కి పంపాలి, చడీచప్పుడు లేకుండా చెరిపేయకూడదు. అప్పుడే అవతలివారు ఫోన్ అయినా చేస్తారు. తెలిసినవారి డొమైన్లను అనుమతి జాబితాలో పెట్టుకోవచ్చు. కానీ పేరు ఎవరైనా దొంగిలించవచ్చు కనుక డీకేఐఎం సరిపోయినప్పుడే వదలాలి. కొత్త జాబితాను మొదట కొన్ని వారాలు మార్కు వేయకుండా లాగ్‌లో గమనించి, తర్వాతే అమలు చేయాలి.

మీ డొమైనే జాబితాకెక్కితే ముందు సైట్‌ను శుభ్రం చేసి, పాస్‌వర్డులు మార్చి, ఆ జాబితా సొంత పేజీలోనే తొలగింపు అడగండి. స్పామ్‌హాస్ ఇందుకు డబ్బు తీసుకోదు. డబ్బిస్తే తీయిస్తామనే దళారుల మాట నమ్మకండి.

ఇంట్లో మామూలు మెయిల్ వాడేవారు వారానికోసారి స్పామ్ ఫోల్డర్ తెరిచి, మనవాళ్ల ఉత్తరం కనిపిస్తే ‘స్పామ్ కాదు’ అని నొక్కితే చాలు.