చెరకు గడ నుండి చక్కెర బస్తా వరకు

మంజీరా నదికి అడ్డముగా అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల మధ్య 1923లో ఆనకట్ట నిర్మాణము మొదలై 1931లో ముగిసినది. అదియే నిజాంసాగరము. దాని రూపకర్త హైదరాబాదు సంస్థానపు ప్రముఖ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీరు పారిన తరువాత బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతముల మెట్ట భూములు మాగాణులైనవి. కృష్ణా, గుంటూరు మండలముల నుండి రైతులు వలస వచ్చి స్థిరపడిరి. వారి పల్లెలను నేటికిని ‘క్యాంపు’లనియే పిలుచుచున్నారు.

నీరు వచ్చినది గనుక చెరకు వేయవచ్చును. కాని చెరకును వేసి ఎవరికి అమ్మవలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా 1937లో బోధన్ వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమైనది. 1929లో సంస్థాన ప్రభుత్వము ఏర్పాటు చేసిన పారిశ్రామిక నిధి దీనికి ఊతమిచ్చినది. ఫ్యాక్టరీ చుట్టును వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అను పేరు వచ్చినది. ఒకప్పుడు ఇది ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా పేరు గాంచినది.

ముడిసరుకు పుట్టిన చోటు నుండి తయారైన సరుకు వాడుకరి చేతికి చేరువరకు జరుగు పనులన్నిటిని కలిపి నేడు ‘సప్లై చైన్’, అనగా సరఫరా గొలుసు, అనుచున్నారు. ఈ మాటను 1982లో కీత్ ఆలివర్ అను సలహాదారు ప్రచారములోనికి తెచ్చెను. పేరు కొత్తదైనను పని పాతదే. బోధన్‌లో దానిని నడిపిన గుమాస్తాలకు ఈ పేరు తెలియదు. పని మాత్రము బాగుగా తెలియును.

ఫ్యాక్టరీని హైదరాబాదు నగరములో కట్టక బోధన్‌లో ఏల కట్టవలెను? 100 కిలోల చెరకును నలిపినచో సుమారు 10 కిలోల చక్కెర వచ్చును. 30 కిలోల వరకు పిప్పి, నాలుగైదు కిలోల మొలాసిస్, మూడు కిలోల మడ్డి మిగులును. తక్కినదంతయు నీరే, ఆవిరియై పోవును. ఒక బస్తా చక్కెర కొరకు పది బస్తాల బరువును దూరము మోయుట తెలివితక్కువ. బరువు తగ్గు ముడిసరుకు గల పరిశ్రమ ముడిసరుకు చెంతకే పోవునని జర్మను పండితుడు ఆల్‌ఫ్రెడ్ వెబర్ 1909లో వ్రాసెను. అయితే చెరకు విషయములో బరువు సగము కారణము మాత్రమే. రెండవ సగము రసాయన శాస్త్రమునకు సంబంధించినది.

నేలనున్న చెరకు జీవముతో నుండును. కొడవలి పడిన క్షణము నుండి అందలి చక్కెర తరుగ నారంభించును. గడలోనే ఉన్న ఇన్వర్టేజ్ అను ఎంజైము సుక్రోజును నీటితో కలిపి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీల్చును. ఇవియు తియ్యనివే. కాని ఫ్యాక్టరీ కోరునది స్ఫటికముగా గట్టిపడు సుక్రోజును. చీలిన చక్కెర స్ఫటికము కాక మొలాసిస్‌లో కలిసిపోవును. పైగా కోసిన చివరల నుండి ల్యూకోనోస్టాక్ అను బాక్టీరియా ప్రవేశించి, సుక్రోజును డెక్స్‌ట్రాన్ అను జిగురుగా మార్చును. జిగురు చేరిన రసము వడపోతకు లొంగదు. అందుచేత కోసిన చెరకును 24 గంటలలో నలుపుట మేలు. 48 గంటలు దాటరాదు. ఎండ ముదిరిన మార్చిలో ఈ గడువు ఇంకను కుదించుకొనును.

విద్యార్థులు దీనిని ప్రయోగశాలలో చూడవచ్చును. పంచదార నీటిని బెనెడిక్ట్ ద్రావణముతో వేడిచేసిన నీలి రంగు మారదు. అదే పంచదార నీటిలో రెండు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లము వేసి కొంతసేపు మరిగించి, వంట సోడాతో ఆమ్లమును విరిచి, మరల పరీక్షించిన ఇటుక ఎరుపు కనిపించును. ఎంజైము గడలో నెమ్మదిగా చేయు పనిని ఇక్కడ ఆమ్లము వేగముగా చేసినది.

ఇక లెక్క చూతము. రోజుకు 1000 టన్నులు నలుపు ఫ్యాక్టరీ యొకటి ఉన్నదనుకొందము. బండికి ఒక టన్ను చొప్పున 1000 ఎడ్లబండ్లు రావలెను. రాత్రింబవళ్లు 1440 నిమిషములు. అనగా సుమారు నిమిషమున్నరకు ఒక బండి తూనిక మీదికి ఎక్కవలెను. నవంబరు నుండి నాలుగు నెలలు నడిచినచో 1,20,000 టన్నులు కావలెను. ఎకరమునకు 30 టన్నుల దిగుబడి వచ్చినచో అది 4000 ఎకరముల పంట. బండ్లన్నియు ఉదయమే వచ్చిన యెడల వరుసలో చెరకు ఎండును. బరువు తగ్గి రైతు నష్టపోవును, పంచదార తగ్గి ఫ్యాక్టరీ నష్టపోవును. రాకున్న యెడల మర ఆగును. మర ఆగిన మరొక చిక్కు: బాయిలరుకు వంటచెరకు ఆ పిప్పియే! చెరకు ఆగినచో పిప్పి ఆగును, పిప్పి ఆగినచో ఆవిరి ఆగును.

చెరకును నెలల తరబడి గోదాములో నిలువ చేయుటకు వీలులేదు. దానికి గోదాము పొలమే. అందువలన ఏ పొలమును ఏ దినమున కోయవలెనో ముందుగా నిర్ణయించి, నాటిన తేదీని, రకమును, రసపు బ్రిక్స్ కొలతను చూచి రైతులకు కటింగ్ ఆర్డర్లు ఇచ్చు పద్ధతి ఏర్పడినది. త్వరగా పండునవి, ఆలస్యముగా పండునవి అని రకములను వేరుచేసి నాటించుట కూడ ఇందులోని భాగమే. 1912లో కోయంబత్తూరులో నెలకొన్న చెరకు ప్రజనన కేంద్రమునందు బార్బర్, వెంకట్రామన్ అను శాస్త్రజ్ఞులు అడవి జాతి రెల్లు చెరకుతో సంకరము చేసి ‘కో’ రకములను సృష్టించిరి. మన రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రము ఉన్నది. ఇటువంటి కేంద్రముల కృషి దిగుబడికే కాక ఈ దినచర్యకును తోడ్పడినది. ఈ సంగతిని పాఠ్య గ్రంథములు ఏలనో చెప్పవు.

ముడిసరుకుపై పట్టు కొరకు నిజాం ఫ్యాక్టరీ వేలాది ఎకరముల స్వంత క్షేత్రములను కూడ నడపినది. ఇట్టి యత్నము అమెరికాలోను జరిగినది. హెన్రీ ఫోర్డ్ కార్ల టైర్ల రబ్బరు కొరకు 1928లో బ్రెజిలు అడవిలో తోటలు వేయించెను. అవి విఫలమై 1945లో అమ్ముడుపోయినవి. సర్వమును స్వంతము చేసికొనుట కంటె రైతుతో నమ్మకమైన ఒప్పందము మేలని నా అభిప్రాయము.

ఆ నమ్మకము డబ్బు మీద నిలుచును. సరుకు ముందుకు పోవును, డబ్బు వెనుకకు రావలెను. చెరకు అందిన 14 దినములలో రైతుకు ధర చెల్లింపవలెనని 1966 నాటి కేంద్ర ప్రభుత్వ చెరకు నియంత్రణ ఉత్తరువు చెప్పుచున్నది. చెల్లింపు జాప్యమైనచో ఆ ఫలము వెంటనే తెలియదు, ఏడాదికి తెలియును. రైతు వరికి మరలును; మరుసటి ఋతువున మర ఆకలితో నుండును. అప్పుడు ధర పెంచుదురు. అందరును చెరకే వేయుదురు. మరుసటి ఏడు చెరకు పోటెత్తును. వార్త ఆలస్యముగా చేరు గొలుసులో చిన్న కదలిక చివరకు పెద్ద ఊపుగా మారునని అమెరికా ఇంజనీరు జే ఫారెస్టర్ 1958లో లెక్కకట్టి చూపెను. ఆయన చూచినది దుకాణములను, కర్మాగారములను. చెరకు పొలములో ఆ ఊపు మరింత పెద్దది, ఏలయన పంటకు పది, పన్నెండు నెలలు పట్టును.

బోధన్ గొలుసు మొదటి కొలికి నీరు. పూడిక వలన నిజాంసాగర జలాశయపు శక్తి మొదటనున్న సుమారు 29 టి.ఎం.సి.ల నుండి సగమునకు మించి తగ్గెను. తరువాత నీటి మట్టమును పెంచి 17.8 టి.ఎం.సి.లకు తెచ్చిరి. చెరకు సంవత్సరము పొడవునా తడి కోరు పంట. కాలువ చివరి పొలములకు ముందుగా కొరత తగులును. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతము వాటా ప్రైవేటు యాజమాన్యమునకు పోయినది. 2015 డిసెంబరులో బోధన్ మర ఆగినది.

ధాన్యమును ఎండబోసి, బస్తాలకెత్తి, బేరము కుదురువరకు ఇంటిలో దాచవచ్చును. చెరకు అట్లు వేచియుండదు. ఒక దినములో బండి చేరగల దూరమున మర లేనప్పుడు, బాన్సువాడ రైతు చేనులోని గడ ఎంత తియ్యనిదైనను బెల్లపు బానకు గాని పశువుల మేతకు గాని పోవలసినదే.