పాత బిందె చెప్పే చరిత్ర

చరిత్రకు ఆధారాలనగానే శాసనాలు, నాణేలు గుర్తొస్తాయి. ఒకసారి పాత ఢిల్లీలోని చావ్‌డీ బజారు వెళ్ళి చూడండి. ఇత్తడి, రాగి సామాన్లకు పేరుపడిన వీధి అది. పాత ఇత్తడి సాధారణంగా తూకానికే పోతుంది. అదే చెంబు సుందర్‌నగర్‌లోని పురావస్తువుల దుకాణానికి చేరితే కళాఖండమవుతుంది!

పాత్రను చదవడం నేర్చుకోవాలి. ఒంటిమీద సుత్తి దెబ్బలుంటే చేతితో సాగగొట్టినదని అర్థం. లోపలి తెల్లని పూత కళాయి, అంటే తగరం. పులుపు తగిలితే రాగి, ఇత్తడి చిలుమెక్కుతాయి గనుక ఆ పూత వేయించేవారు. అన్నిటికన్నా విలువైనది అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరు. ఆ పాత్ర ఎవరిదో, ఆ ఇంట ఏ లిపి వాడేవారో అది చెబుతుంది.

1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశాడు. స్వాతంత్ర్యానంతరం అది మన వంటిళ్ళను ఆక్రమించింది. కళాయి బెడద లేదు, తోమడం తేలిక, గృహిణులను తప్పుపట్టలేం. కాని మార్పిడికి పోయిన ఇత్తడి కొలిమిలో కరిగింది, దానితోపాటు పేర్లూ కరిగాయి.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన హస్తకళా వస్తువు పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దానిని ఎగుమతి చేయరాదు. అయితే బిందెమీద తేదీ ఉండడం అరుదు. నూరేళ్ళని తేల్చేదెలా? అందుకే, కొనకపోయినా సరే, పేరు కనిపిస్తే దుకాణదారు నడిగి, పలుచని కాగితం పరచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి.