చవుడు మిద్దెకూ ఒక కమిటీ

కురబలకోట చుట్టుపక్కల పాత కట్టడం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది గుడి. గుడి కోసం కమిటీ వేయడం, ఇంటింటికీ తిరిగి చందా పట్టడం, బెంగళూరులో ఉంటున్న ఊరివాళ్లకు ఫోన్లు చేయడం మా వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. తెట్టు సంతాన వేణుగోపాలస్వామి బ్రహ్మోత్సవాలు వచ్చాయంటే చుట్టూ పల్లెలన్నీ కదులుతాయి. ఇంత పట్టున్న జనం గుడి దాటి మిగతా పాత కట్టడాల జోలికి ఎందుకు రారు?

మా వైపు నిలిచినవాటిని చూస్తే వాడకంలో ఉన్నవే బతికాయి. తెట్టు దగ్గర జిడ్డు కృష్ణమూర్తి ఎంచుకున్న లోయలో రిషివ్యాలీ బడి ఇప్పటికీ బడిగానే నడుస్తోంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం 1915లో క్షయ రోగుల కోసం మొదలైంది. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గానీ కనుగొనలేదు. అంతదాకా గాలి, ఎండ, విశ్రాంతి, మంచి తిండి, ఇవే వైద్యం. జబ్బుకు మందొచ్చినా ఆసుపత్రి మూతపడలేదు. అదే 1915లో అనీబిసెంట్ మదనపల్లెలో పెట్టిన థియోసాఫికల్ కాలేజీకి 1919లో ఠాగూర్ వచ్చి, జనగణమనను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాశారు.

వీటి బాగోగులకు సంస్థలున్నాయి. ఊళ్లో మిద్దెకు ఎవరున్నారు? రాతి గోడ, మట్టి అడుసు, దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు మట్టి, వెలుగు కోసం నడిమింట్లో గవాచి. వానలకు ముందే మిద్దెక్కి కొత్త చవుడు పోస్తేనే కురవకుండా ఉంటుంది. అన్నదమ్ములు భాగాలు పంచుకుని తలో ఊరు పోయాక చవుడు పోసేవాళ్లుండరు. రెండు వానాకాలాలు పట్టించుకోకపోతే దంతెలు పుచ్చుతాయి. ఉన్నవాళ్లు బాగుచేద్దామని మట్టి గోడకు సిమెంటు పూస్తారు. లోపలి చెమ్మకు దారి మూసుకుపోయి గోడ అడుగు నుంచి పెచ్చులూడుతుంది. అప్పుడు అందరూ అనే మాట, "పాతది, ఇంక నిలవదు" అని.

చట్టం ఇంత దూరం రాదు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లకు అనుమతి కావాలి. మన చావిడికీ, మిద్దెకూ ఆ కాపు లేదు. హైదరాబాదులో పాత భవనం ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలని 2019 జూన్‌లో మంత్రివర్గం తీర్మానిస్తే, వారసులూ పౌరులూ కోర్టుకెక్కారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఆ భవనం వారసత్వ కట్టడాల జాబితాకెక్కి ఉండటం వాళ్ల వాదనకు బలమైంది. జాబితా ముందుంటేనే వాదనకు ఆధారం.

మన కట్టడాలకు అలాంటి జాబితా రాయడం కమిటీలకు చేతకాని పని కాదు. ఏ ఇల్లు ఎవరు కట్టారు, రాయి ఎక్కడిది, చావిడిలో ఏ పంచాయితీలు జరిగాయి, ముసలివాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి. ఫొటోలు తీయాలి, కొలతలు వేయాలి, కాపీలు మూడు నాలుగు చోట్ల ఉంచాలి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. ఒక్కచోటే ఉన్న కాగితానికి అదే ప్రమాదం.

అయితే మన కమిటీలకు ఒక పాత అలవాటుంది. జీర్ణోద్ధరణ పేరుతో రాతి స్తంభాలకు ఆయిల్ పెయింటు వేయడం, నేలబండల మీద టైల్స్ పరచడం. రంగు కింద శాసనం అక్షరాలు పూడుకుపోతే మళ్లీ చదవడం కష్టం. చందా బాగా పోగైన చోటే ఈ నష్టం ఎక్కువ. అందుకే డబ్బు చేతికొచ్చాక ముందు చేయాల్సిన ఖర్చు సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకడానికి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన గానుగ సున్నం పాత గోడకు సరిపోతుంది. ఆ మేస్త్రీ దగ్గర ఊరి కుర్రాళ్లు ఇద్దరు పని నేర్చుకుంటే వచ్చే ఏడాది మిద్దెల మరమ్మతు మన చేతిలో ఉంటుంది.

కమిటీ మొదటి తీర్మానంలో ఏం కట్టాలో కాదు, ఏం ముట్టుకోకూడదో రాయాలి. శిలాఫలకం మీద దాతల పేర్లు చెక్కించుకునే మన ఊళ్లలో, ఏమీ మార్చకుండా కాపాడినవాళ్ల పేర్లకూ చోటివ్వాలి.