ఆది ఆంధ్ర ఉద్యమం (గోదావరి డెల్టా)

ఆది ఆంధ్ర ఉద్యమం 20వ శతాబ్ది పూర్వార్ధంలో మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో అంటరానితనానికి వ్యతిరేకంగా, పౌరహక్కుల కోసం దళితులు నడిపిన సామాజికోద్యమం. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ ‘పంచమ’ అనే పేరును తోసిపుచ్చి, ‘ఆది ఆంధ్ర’ను స్వీకరించింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఈ పేరును అధికారికంగా గుర్తించింది.

గోదావరి డెల్టాలో మాల, మాదిగ కుటుంబాలు అధికంగా పాలేర్లుగా, వ్యవసాయ కూలీలుగా బతికేవి. వారికి ఊరి బావి, చెరువు రేవు, గుడి అందుబాటులో ఉండేవి కావు. రాజమండ్రికి చెందిన ఆయుర్వేద వైద్యుడు, కవి కుసుమ ధర్మన్న (1900–1946) ఈ వివక్షను రచనల్లో ఎండగట్టారు. గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనాన్ని నిరసించగా, ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ పేరిట స్వదేశీ కులాధిపత్యాన్ని ప్రశ్నించారు. ‘జయభేరి’ పత్రికనూ నడిపారు. కోనసీమలో బొజ్జా అప్పలస్వామి షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ నేతగా పనిచేశారు.

1938 నాటి మద్రాసు చట్టం బావులు, చెరువులు, దారుల వినియోగంలో వివక్షను నిషేధించింది. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వెలువడింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది.

కారంచేడు హత్యాకాండ అనంతరం 1985లో ఏర్పడిన దళిత మహాసభ నాయకుల్లో అప్పలస్వామి కుమారుడు, న్యాయవాది బొజ్జా తారకం (1939–2016) ఒకరు.