ప్రాచీన రజత నాణెములు – వాటి స్థితి, వాటి వెల

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండి రజతోత్సవము జరుగుచున్న ఈ శుభసమయమున, రజతమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయుట తగునని తోచినది. పాఠకమహాశయులు వెండి వన్నెను గాని ధరను గాని తెలియనివారు కారు. నేను చెప్పబూనినది రెండువేల యేండ్లనాటి వెండినాణెములను గూర్చి. అవి మనకు దూరపు సంగతులు కావు. కృష్ణా మూసీ నదుల నడుమనున్న ఈ సీమలో పాటిమన్ను త్రవ్వి పొలములకు తోలుకొనువారికి కుండపెంకులు, పూసలు, అప్పుడప్పుడు నాణెములును కనబడుచునే యుండును. వెండిది దొరికెనా, దానిని చింతపండుతో తోమి అవుసలవారి కొట్టునకు గొనిపోవుట మన వాడుక. అక్కడ త్రాసులో నది తులములో మూడవవంతు తూగును. తరుగు తీసి ధర కట్టుదురు. పిమ్మట మూసలో కరగించెదరు. ఆ చీటీలో వ్రాసిన వెల ఆ నాణెమునకు నిజమైన వెలయేనా యన్నదే ఈ వ్యాసమున విచార్యము.

వెండిపై ముద్ర వేసి చెలామణి చేయుట మన దేశమున బహుపురాతనము. ముద్ర కొట్టబడినదను నర్థమున ‘రూప్య’ శబ్దమును పాణిని సూత్రములోనే సాధించియున్నాడు. నేటి మన రూపాయి ఆ శబ్దమునుండి పుట్టినదే. మనుధర్మశాస్త్రమున వెండి ధరణము లేక పురాణమునకు 32 గురిగింజల ఎత్తు చెప్పబడినది. తులమునకు 96 గురిగింజలు గదా. లెక్క ప్రకారము ఇది తులములో మూడవవంతు. కాని నేడు దొరకుచున్న ముద్రాంకిత నాణెములను తూచిన, సాధారణముగా మూడు గ్రాములకు పైన, మూడున్నర గ్రాములకు లోపలనే తూగుచున్నవి. ఆ కాలపు గురిగింజ తూకము కొంత తక్కువ యగుట ఒక కారణము. చేతులు మారి మారి అరుగుట రెండవ కారణము. ఈ అరుగుదలయే మన చరిత్రకారులకు పెన్నిధి యయినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

నాణెమును పరీక్షించుటకు పూర్వము ప్రత్యేకోద్యోగులుండిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున టంకశాలకు లక్షణాధ్యక్షుడును, చెలామణిలోని నాణెముల మంచిచెడ్డలు చూచుటకు రూపదర్శకుడును చెప్పబడిరి. క్రీ. శ. అయిదవ శతాబ్దివాడగు బుద్ధఘోషాచార్యుడు తన విసుద్ధిమగ్గమున చెప్పిన దృష్టాంతము మరింత రమ్యమైనది. సరాఫు బల్లమీద కార్షాపణముల కుప్ప యున్నది. దానిని ఒక బాలుడు చూచుచున్నాడు, ఒక పల్లెటూరి గృహస్థు చూచుచున్నాడు, సరాఫు చూచుచున్నాడు. బాలునకు అవి బొమ్మలు గల చిత్రమైన బిళ్ళలు మాత్రమే. పల్లెటూరివాడు వాటితో సరకులు కొనవచ్చునని కూడ ఎరుగును. సరాఫు చూచియు, మ్రోగించియు, వాసన పట్టియు, నాలుకతో తాకియు, చేత నెత్తియు, ఏది మంచిది, ఏది కల్తీ, ఏది సగము విలువ చేయునో చెప్పును. అంతేకాదు, ఏ యూర, ఏ కొండదాపున, ఏ యేటి యొడ్డున, ఏ పనివాడు చేసినదో కూడ చెప్పును. ఆచార్యుడు దీనిని జ్ఞానభేదములను తెలుపుటకు చెప్పినాడు గాని, నాణెముల వెలకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానమును నేనెక్కడను చదువలేదు. మనలో చాలమంది ఇంకను ఆ పల్లెటూరి గృహస్థుని మెట్టుమీదనే యున్నారము. పల్లెటూరివాడనే గనుక ఈ మాట నిస్సంకోచముగా అనుచున్నాను.

విసుద్ధిమగ్గమును పరిష్కరించిన ధర్మానంద కోశాంబి పండితుని కుమారుడే దామోదర ధర్మానంద కోశాంబి. ఈయన గణితశాస్త్రజ్ఞుడు. తండ్రి పరిష్కరించిన గ్రంథములోని సరాఫు పనిని కుమారుడు త్రాసు పట్టుకొని చేసినట్లయినది! ముద్రాంకిత నాణెములకు ఒక ప్రక్క అయిదు ముద్రలుండును – సూర్యుడు, ఆరాకుల చక్రము, కొండ, చెట్టు, ఏనుగు మొదలగునవి. రెండవ ప్రక్క చిన్నచిన్న గుర్తులు కొన్నిటికి ఒకటి, కొన్నిటికి అయిదారు, కొన్నిటికి అంతకు మించియు నుండును. ఇవి చెలామణిలో ఎప్పటికప్పుడు పరీక్ష జరిపి వేసిన గుర్తులని కోశాంబి గ్రహించెను. తక్షశిల నాణెములను ఒక్కొక్కటిగా తూచి, వెనుకనున్న గుర్తులు పెరిగినకొలది తూకము తగ్గుచున్నదని 1941 ప్రాంతమున నిరూపించెను. తన కాలపు నాణెములను కూడ తూచి, వాడుకలో అరుగుదల ఎట్లు నడచునో సరిచూచుకొనెను. అరిగిన నాణెము చెడిన నాణెము కాదు. ఎంతకాలము తిరిగినదో తెలుపు జమాఖర్చు దానిమీదనే యున్నదన్నమాట.

దీనికి మారుగా, అరుగని నాణెము మరియొక విధమున సాక్ష్యమిచ్చును. 1924 లో తక్షశిలలోని భీర్ దిబ్బలో వేయికి మించిన వెండినాణెములు ఒక్కచోట దొరకినవి. వాటి నడుమ అలెగ్జాండరువి రెండును, అతని సవతి సోదరుడగు ఫిలిప్పుది ఒకటియు, అచ్చునుండి అప్పుడే తీసినట్లు క్రొత్తవై యుండెను. ఫిలిప్పు క్రీ. పూ. 317 లో చంపబడినాడు. కావున ఆ నిధి ఇంచుమించు ఆ కాలమున దాచబడినదని తేలినది. ఆ మూడింటిని ఎవరైన తీసికొని విడిగా అమ్ముకొనియుండినచో తక్కిన వేయి నాణెములును కాలము చెప్పలేని మూగబిళ్ళలయి యుండెడివి. మన తెలుగుదేశమున అమరావతిలో దొరకిన నిధి యింకను పెద్దది. 7,000 కు మించిన ముద్రాంకితములు. పరమేశ్వరీలాల్ గుప్తగారు వాటి నన్నిటిని పరిశీలించి 1963 లో గ్రంథముగా ప్రకటించిరి.

ఇక మన దాపునకు వత్తము. 2016 లో సూర్యాపేట జిల్లా ఏర్పడుటకు పూర్వము మనమును చేరియుండిన నల్లగొండ జిల్లాలో అక్కనపల్లి యను గ్రామమున్నది. అచ్చట 1,531 రోమక వెండినాణెములు, దీనారియసులనునవి, ఒక్క నిధిగా దొరకినవి. మన దేశమున దొరకిన రోమక రజతనిధులలో ఇది మిక్కిలి పెద్దవానిలోనిది. గుప్తగారే 1965 లో ప్రకటించిన ఆంధ్రప్రదేశ్ రోమక నాణెముల గ్రంథమున దీనిని వివరించిరి. ఆ కాలమున రోమక దీనారియసు తూకము సుమారు 3.9 గ్రాములు. చిత్రమేమన, ఇది సరిగా మన తులములో మూడవవంతు! అనగా ఆ నిధి మొత్తము ఇంచుమించు 510 తులములు, పాత లెక్కను ఆరు సేర్లకు మించిన వెండి. అవుసలవారి లెక్క ఇక్కడితో ముగియును. రోములో ఒక సామాన్య సైనికునికి సంవత్సరమునకు 225 దీనారియసులు జీతము. ఆ లెక్కను చూచిన, మన పల్లెనేలలో దాగినది ఒక సిపాయి ఏడేండ్ల జీతమునకు ఇంచుమించు సరి. ఎవరో వర్తకుడు దాచినాడు. తిరిగి వచ్చి తీసికొనలేదు.

మన దేశమున దొరకు రోమక వెండిలో అధికభాగము రెండు అచ్చులకు చెందినది. అగస్టసు చక్రవర్తి తన మనుమలగు గైయసు, లూషియసులను నిలువెత్తున చూపి వేయించినది ఒకటి, తిబేరియసు కాలమున (క్రీ. శ. 14–37) పీఠముపై కూర్చున్న స్త్రీమూర్తి గలది రెండవది. ఇవియే ఏల? ఆ నాణెములు నిండు తూకము, మేలిమి వెండి గలవి. క్రీ. శ. 64 లో నీరో చక్రవర్తి పౌను వెండికి 84 నాణెములుండగా 96 చేయించెను; కల్తీయు పెంచెను. పిదపటి వెండి దీనారియసులు మన వైపు రాకడ మిక్కిలి సన్నగిల్లినది. మన వర్తకులు బొమ్మను చూచి మోసపోవువారు కారని దీనివలన తెలియుచున్నది. ప్లినీ యను రోమక గ్రంథకర్త సింహళరాజును గూర్చి చెప్పిన కథ కూడ ఇట్టిదే. గాలివాటున ఆ దీవికి కొట్టుకొనివచ్చిన రోమక నావికుని యొద్ద దొరకిన దీనారియసులపై ముఖములు వేరువేరు రాజులవైనను తూకము మాత్రము అన్నిటికి సమానముగా నుండెనట. అది చూచి ఆ రాజు రోమకుల నిజాయితీని మెచ్చుకొనెనట. అదే ప్లినీ, భారతదేశము ఏటేట అయిదుకోట్ల సెస్టర్సులను, అనగా కోటి ఇరువదియైదు లక్షల దీనారియసులకు సమానమైన ధనమును, లాగుకొనుచున్నదని వాపోయెను. ఆయన ఏడ్పు మన నేతగాండ్రకు, మిరియాలవారికి బిరుదువంటిది!

ఈ నీరో కథ మనకు క్రొత్తది కాదు. నిజాము రాష్ట్రమున ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీసిక్కాలు మారకముండెడివి. కల్దారు రూపాయి సరిగా తులమెత్తు. పండ్రెండింట పదునొకండు పాళ్ళు వెండి. 1940 లో ఆ వెండిని సగమునకు దించిరి. 1947 లో వెండి బొత్తిగా పోయి నికెలు వచ్చినది. అప్పుడు ప్రజలు చేసినదేమి? విక్టోరియా, జార్జి రూపాయలను మూటగట్టి లోపల దాచి, క్రొత్తవానిని ఖర్చుపెట్టిరి. అక్కనపల్లి నిధిలో పాత చక్రవర్తుల నాణెములే యుండుట చూచి ఆశ్చర్యపడువారు తమ నానమ్మగారి భోషాణమును తలచుకొన్న చాలును.

ఇక స్థితికిని వెలకును గల సంబంధము. సేకరణదారులు నునుపు చెడక, అక్షరములు స్ఫుటముగా, బొమ్మ పూర్తిగా బిళ్ళమీద దిగియున్నదానికి ఎక్కువ వెల నిత్తురు. ఇది న్యాయమే. కాని స్థితి యొక్కటే చాలదు. అగస్టసు మనుమల నాణెము ఎంత తళతళలాడినను ప్రపంచమున అట్టివి వేలకొలది యున్నవి. మన శాతవాహనులు సీసము, రాగి, పోటిను నాణెములు విస్తారముగా వేయించిరి గాని, వెండిపై తమ ముఖములు ముద్రించినవి తక్కువ. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలగువారి ముఖములు మనకు కనబడునది ఆ రెండు గ్రాముల చిన్నబిళ్ళలమీదనే. ఒక ప్రక్క ప్రాకృతమునను, రెండవ ప్రక్క దక్షిణదేశపు భాషలోనను రాజు పేరుండును. ఆ భాష తెలుగునకు దగ్గరిదా, తమిళమునకు దగ్గరిదా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. అట్టి నాణెము సగము అరిగినదైనను, చివర నాలుగక్షరములు నిలిచినచో, క్రొత్త దీనారియసుకంటె నాకు ప్రియతరము. అక్షరము పోయినచో మాత్రము సగము ప్రాణము పోయినట్లే.

చెడిన నాణెమే మేలైన సాక్షి యగుటకు జోగల్‌తెంబి నిధి గొప్ప ఉదాహరణము. 1906 లో నాసికు దాపున క్షహరాత రాజగు నహపానుని వెండినాణెములు 13,000 కు పైగా దొరకినవి. వాటిలో 9,000 కు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మరల కొట్టించియున్నాడు. క్రింద నహపానుని ముక్కు, మీద చైత్యము. క్రింద యవనాక్షరము, మీద ఉజ్జయినీ చిహ్నము. అందము చూచువానికి రెండును చెడినవి. కాని ఓడినదెవరో, గెలిచినదెవరో ఆ బిళ్ళయే చెప్పుచున్నది. శాసనములో రాజు తన జయమును తాను పొగడుకొనవచ్చును. సంతలో తిరిగిన నాణెమునకు ఆ యవసరము లేదు. మన దక్షిణదేశమున దొరకిన రోమక నాణెములు కొన్నిటిపై గాట్లును, చిన్న గుర్తులును కలవు. లోపల రాగి పెట్టి పైన వెండి మలాము చేసిరేమో యని పరీక్షించుటకని కొందరు, పరరాజు ముఖమును చెల్లకుండ చేయుటకని కొందరు చెప్పుదురు. గాటు పడినదని విసరివేయరాదు. అది మన సరాఫు చేవ్రాలు కావచ్చును.

కాలము చేసిన హానికంటె చింతపండు చేసిన హాని యెక్కువ. భూమిలో నున్న వెండి నల్లబడును. అందు కలిసిన రాగి పచ్చగా పైకి వచ్చును. లోపల బిళ్ళ పెళుసై పోవును. బూడిదతో, పులుసుతో రుద్దినచో మెరుపు వచ్చునుగాని సన్నని గుర్తులు, అక్షరపు అంచులు పోవును. వంచి చూచినచో విరుగును. పిమ్మట సేకరణదారుడు కూడ దానిని వెండి ధరకే అడుగును.

చట్టము సంగతియు చెప్పక తప్పదు. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము భూమిలో దొరకిన నిధి పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. హక్కుదారు లేడని తేలినచో, వేరు ఒడంబడిక లేనియెడల, దొరకినవానికి ముప్పాతిక పాలు, భూమి యజమానికి పాతిక పాలు. తెలుపనివాని పాలు పోవుటయేకాక, ఏడాదివరకు కారాగారమో, జరిమానాయో, రెండునో పడవచ్చును. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని ప్రభుత్వము ఆ నిధిని తీసికొనునప్పుడు లోహపు విలువయు, దానిపై అయిదవవంతును చెల్లించిన చాలునట! లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను గనుక అడుగుచున్నాను: అవుసలవాని ధరకు అయిదవవంతు మాత్రమే కలిపినచో, కచేరి చుట్టు తిరుగుటకు రైతు ఏల యిష్టపడును? చట్టము తానే నాణెమును వెండిముద్దగా చూచుచుండగా రైతును తప్పుపట్టుట నాకు న్యాయముగా తోచదు. ఆ యంశమును దిద్దిన దినమున ఎన్నో నిధులు మూసనుండి బ్రతుకును.

2024 లో మన జిల్లాలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రమున త్రవ్వకములలో ఒక మట్టికుండ బయటపడినది. అందు 3,730 సీసపు నాణెములు. ఒక ప్రక్క ఏనుగు, రెండవ ప్రక్క ఉజ్జయినీ చిహ్నము. సీసమునకు అంగడిలో వెలయెంత? కాని కుండ ఉన్నచోటనే, ఉన్నట్లే, పురావస్తుశాఖవారి చేతిలో పడుటచే ప్రతి నాణెమును లెక్కకు వచ్చినది. ఇక్ష్వాకుల కాలమునాటివని నిర్ణయమునకును వచ్చినది. ఇట్టి కుండయే నాగలిక్రింద పగిలి నలుగురు పంచుకొన్నచో, వెండిదైనను ఇంత చెప్పలేదు.

కావున మన గ్రామమున ఎవరికైన నాణెము దొరకినచో కడుగవద్దు. పొడి కాగితమున చుట్టి, దానిపై సర్వే నెంబరు, ఎంత లోతున దొరకినది, ఏ తేదీ, కుండలోనా మట్టిలోనా, ప్రక్కన మరేమైన ఉన్నదా యనునవి వ్రాసి, తహసీలుదారుగారి కచేరికి తెలుపుడు. వ్రాయుట కష్టమైనవారు సాయంకాలము గ్రంథాలయ పఠనమందిరమునకు వచ్చినచో నేను వ్రాసిపెట్టెదను. ఇందులకై గీతలు గీచిన పుస్తకమొకటి అచ్చటి బల్లసొరుగులో నుంచితిని.